మా ఊరి ప్రభుత్వాసుపత్రికి ఎన్‌క్వాస్ గుర్తింపు వచ్చింది, మీ అనుభవాలు చెప్పండి

కాలవగట్టు (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా, తెనాలికి దగ్గర్లో ఒక మండల కేంద్రం. మా ఊళ్లో ముప్పై పడకల సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) ఉంది, పెద్దవాళ్లు ఇప్పటికీ పెద్దాసుపత్రి అనే అంటారు. దానికి పోయిన వారం ఎన్‌క్వాస్ (ప్రభుత్వాసుపత్రుల నాణ్యత చూసి ఇచ్చేది) సర్టిఫికెట్ వచ్చింది. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు, ఊళ్లో దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడుకోవట్లేదు, నాకు మాత్రం ఆ ఫ్లెక్సీ చూసిన రోజు నిజంగా కడుపు నిండినట్టనిపించింది. ఎందుకంటే నాలుగు నెలల కిందట మా ఆవిడకి కాన్పు అయింది అక్కడే.

మా అమ్మ మొదట అస్సలు ఒప్పుకోలేదు. ఆమెకి కారణం ఉంది. పదిహేనేళ్ల కిందట మా అక్క కాన్పు కూడా ప్రభుత్వాసుపత్రిలోనే జరిగింది (ఇది కాదు, వేరేది, పేరు వద్దు). ఒకే మంచం మీద ఇద్దరు బాలింతలు. బిడ్డని చూపించడానికి ఐదొందలు, మగపిల్లాడు కాబట్టి ఇంకో ఐదొందలు. బాత్రూముకి గడియ లేక అక్క లోపల ఉన్నంతసేపూ అమ్మ చీర కొంగు అడ్డం పట్టుకుని తలుపు దగ్గర నిలబడిందట. డబ్బుల సంగతి అమ్మ మర్చిపోయింది కానీ ఆ తలుపు సంగతి ఇప్పటికీ చెబుతుంది. అందుకే ఈసారి "అప్పు చేసైనా సరే ప్రైవేటుకే పోదాం" అని పట్టుబట్టింది. నొప్పులు అర్ధరాత్రి మొదలయ్యేసరికి ఇక ఆలోచించే టైమ్ లేదు.

తెల్లవారుజామున మూడు నలభైకి పాప పుట్టింది. సిస్టర్ మా అమ్మని లోపలికి రానిచ్చి కోడలి పక్కనే ఉండమంది. బిడ్డని తుడిచి నేరుగా తల్లి గుండెల మీద పెట్టారు, అరగంటలో పాలు పట్టించారు. గడియ ఉన్న బాత్రూము, అందులో నీళ్లు, సబ్బు. నేను ఆయమ్మకి రెండొందలు ఇవ్వబోతే "ఇక్కడ తీసుకోం బాబూ, బోర్డు చూడలేదా" అని చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ ఇంటికొచ్చాక ఆమెకి అరిసెలు వండి పంపింది.

అసలు ఈ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఏం చూస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి. మీ ఊరి ఆసుపత్రుల్లో ఎలా ఉందో కూడా రాయండి.

బ్రాడీపేట_నాలుగో_లైను (శనివారం, రాత్రి 9:50)

అన్నా, తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నందుకు సంతోషం. మీ మాట కాదనట్లేదు. కానీ గోడ మీద సర్టిఫికెట్ చూసి నమ్మే రోజులు నాకు పోయాయి.

రెండేళ్ల కిందట మా నాన్నకి పక్షవాతం వస్తే ఒక ఆసుపత్రిలో చేర్చాం. రిసెప్షన్ వెనక గోడంతా సర్టిఫికెట్లే. రాత్రిపూట సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే నేను వార్డంతా తిరిగినా నలభై నిమిషాల దాకా ఎవరూ రాలేదు. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని మాకెవరూ చెప్పలేదు, వాళ్లూ తిప్పలేదు. తొమ్మిదో రోజుకి నడుం కింద పుండు పడింది. పక్షవాతం నుంచి నాన్న నెల రోజుల్లో కొంచెం తేరుకున్నాడు, ఆ పుండు మానడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. కట్టు మార్చిన ప్రతిసారీ ఆయన పళ్లు బిగపట్టుకోవడం నేను చూశాను.

తనిఖీకి వస్తున్నారంటే గోడలకి సున్నం కొడతారు, కొత్త దుప్పట్లు పరుస్తారు. వాళ్లు వెళ్లిన మర్నాడు ఆ దుప్పట్లు బీరువాలోకి పోతాయి. ఆదివారం రాత్రి పదకొండింటికి ఎలా ఉంటుందో చూసి సర్టిఫికెట్ ఇస్తే అప్పుడు నమ్ముతాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (శనివారం, రాత్రి 11:35)

బ్రాడీపేట తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి చదివితే నాకు చాలా బాధేసింది. ఆ పుండు పడకుండా ఆపగలిగేదే, అందులో అనుమానం లేదు. నేను పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుని. మేము కూడా ఈ తనిఖీ దాటాం, కాబట్టి తెలిసింది తెలిసినట్టు చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

ఎన్‌క్వాస్ అంటే జాతీయ నాణ్యతా ప్రమాణాలు. 2013లో జిల్లా ఆసుపత్రులతో మొదలుపెట్టి తర్వాత సీహెచ్‌సీలకీ పీహెచ్‌సీలకీ తెచ్చారు. మొత్తం ఎనిమిది భాగాలుంటాయి: ఏ సేవలు దొరుకుతున్నాయి, రోగి హక్కులు, సిబ్బంది-పరికరాలు, మందులూ కరెంటూ నీళ్లూ భోజనం లాంటివి, వైద్యం చేసే పద్ధతి, ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసుకోవడం, నాణ్యత నిర్వహణ, చివరికి వచ్చిన ఫలితాలు. ఒక్కొక్క అంశానికి పూర్తిగా ఉంటే 2, సగం ఉంటే 1, లేకపోతే 0. మొత్తం మీద 70 శాతం రావాలి. ఒక విభాగంలో బాగా తెచ్చుకుని ఇంకోదాంట్లో పడిపోయినా కుదరదు, విభాగం విభాగానికీ చూస్తారు.

కాలవగట్టు గారూ, మీరు రాసిన రెండొందల సంగతి కూడా అందులో ఉంది. డబ్బు కారణంగా రోగికి వైద్యం ఆగకూడదని, ఉచితంగా ఇవ్వాల్సినవి ఉచితంగానే అందాలని విడిగా ఒక ప్రమాణమే పెట్టారు. వచ్చినవాళ్లు బాలింతల మంచం దగ్గర కూర్చుని "అమ్మా, నీ దగ్గర ఎవరన్నా డబ్బులడిగారా, బయట మందులు కొన్నావా" అని అడుగుతారు. మేము ఆ పక్కన నిలబడకూడదు.

దుప్పట్లు మార్చి మోసం చేయొచ్చా అంటే, దుప్పట్లతో చేయొచ్చు. కానీ వాళ్లు నాలుగు రకాలుగా చూస్తారు: కళ్లతో చూస్తారు, మమ్మల్ని అడుగుతారు, రికార్డులు తిరగేస్తారు, రోగుల్ని అడుగుతారు. మా దగ్గర మూడు నెలల కిందటి కాన్పు కేసు షీటు వాళ్లకి నచ్చింది తీసి పార్టోగ్రాఫ్ చూపించమన్నారు. అంటే నొప్పుల్లో ఉన్నప్పుడు బిడ్డ గుండె చప్పుడూ తల్లి నాడీ అరగంటకోసారి, బీపీ నాలుగు గంటలకోసారి గ్రాఫులో వేసుకుంటూ పోవాలి, గీత పక్కకి పోతుంటే డాక్టరుని పిలవాలి. అది ముందు రోజు కూర్చుని రాస్తే అనుభవం ఉన్నవాళ్లకి చూడగానే తెలిసిపోతుంది, ఇంకు ఒకటే ఉంటుంది, అంకెలు మరీ అందంగా ఉంటాయి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి ఆక్సిటోసిన్ పది యూనిట్లు ఇవ్వాలి, రక్తస్రావం ఆపేది అదే. ఆ ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో పెట్టావా, ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా, రాసిన చార్టు ఏదీ అని అడిగారు. ఆటోక్లేవ్ (పరికరాల మీద క్రిముల్ని ఆవిరితో చంపే మెషిన్) రిజిస్టరు, అందులో పెట్టిన మూటల టేపు రంగు మారిందా లేదా, అన్నీ.

ఇవన్నీ ఎందుకంటారా. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకి దేశం మొత్తం మీద 97 మంది తల్లులు చనిపోతే మన రాష్ట్రంలో 45 మంది. మన అంకె తక్కువని నేను తృప్తి పడలేను, ఆ నలభై ఐదుగురిలో ఎక్కువమందిని రక్తస్రావం దగ్గరో బీపీ దగ్గరో కాపాడుకోగలం.

తమ్ముడు చెప్పినదాంట్లో నిజం ఉంది, అది కూడా ఒప్పుకోవాలి. రాత్రిపూట లేబర్ రూమ్‌కీ వార్డుకీ కలిపి నేనొక్కదాన్నే ఉన్న రోజులున్నాయి. అటు ఒకామెకి బిడ్డ తల కనిపిస్తుంటే ఇటు సెలైన్ అయిపోయిందని పిలుస్తారు. అప్పుడు నేను ఎటు వెళ్లాలి? సర్టిఫికెట్ వచ్చాక కూడా ఆ పోస్టులు నింపకపోతే మేము చేసేది ఎంతకాలం నిలబడుతుందో నాకు భయంగానే ఉంటుంది.

పటమట_లక్ష్మి (ఆదివారం, ఉదయం 7:05)

సిస్టర్ గారూ ఇంత వివరంగా రాసినందుకు థాంక్సండీ. నాకు ఒక సందేహం. మా అమ్మాయికి ఆరో నెల. మావారు సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికే తీసుకెళ్దాం, అక్కడ ఎన్‌ఏబీహెచ్ ఉంది అంటున్నారు. ఇదీ అదీ ఒకటేనా? వేర్వేరా? ఏది ఉంటే మంచిదనుకోవాలి?

ల్యాబ్_మాస్టారు (ఆదివారం, ఉదయం 8:20)

లక్ష్మి తల్లీ, నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యాను, సగం ప్రభుత్వంలో సగం గుంటూరు కొత్తపేటలో ప్రైవేటులో. రెండూ చూశాను.

ఎన్‌ఏబీహెచ్ అనేది క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద నడిచే బోర్డు ఇచ్చే గుర్తింపు. ఆసుపత్రి తనంతట తాను ముందుకొచ్చి ఫీజు కట్టి తెచ్చుకుంటుంది. ప్రైవేటువాళ్లు ఎక్కువ, ప్రభుత్వ ఆసుపత్రులూ తెచ్చుకోవచ్చు. ఎన్‌క్వాస్ ప్రభుత్వ ఆసుపత్రుల కోసమే కేంద్ర ఆరోగ్య శాఖ తయారు చేసింది. కాయకల్ప అని ఇంకోటి వింటుంటారు, అది 2015లో మొదలైంది, ప్రధానంగా శుభ్రత, చెత్త, ఇన్‌ఫెక్షన్ల మీద ఏటా ఇచ్చే అవార్డు. లక్ష్య అనేది 2017 చివర్లో వచ్చింది, అది లేబర్ రూమ్‌కీ కాన్పుల ఆపరేషన్ థియేటర్‌కీ మాత్రమే. మీ అమ్మాయి విషయంలో ప్రభుత్వాసుపత్రి అయితే లక్ష్య ఉందా అని అడగడం ఇంకా ఉపయోగం.

ఏదైనా సరే, నా అనుభవంలో ఆసుపత్రి సంగతి తెలుసుకోవాలంటే ల్యాబ్‌లోకి వెళ్లి "ఈ రోజు కంట్రోల్ వేశారా" అని అడగాలి. రోగుల రక్తం పెట్టేముందు విలువ ముందే తెలిసిన శాంపిల్‌ని మెషిన్‌లో పెట్టి చూస్తాం. దాన్ని రోజూ చార్టు మీద చుక్క పెడతాం. చుక్క హద్దు దాటితే ఆ రోజు రిపోర్టులు ఆపి మెషిన్ సరిచేయాలి. అలాగే బయటి నుంచి, ఉదాహరణకి వేలూరు సీఎంసీ నుంచి, మనకి విలువ తెలియని శాంపిళ్లు తెప్పించుకుంటాం, మనం చేసి పంపింది దేశంలో మిగతా ల్యాబులతో పోల్చి చెబుతారు. నేను పనిచేసిన ఒక చోట కంట్రోల్ కిట్ ఖర్చని ఆరు నెలలు కొనలేదు. హిమోగ్లోబిన్ ఒకటిన్నర గ్రాము ఎక్కువ చూపిస్తోందని తర్వాత తెలిసింది. ఆలోచించండి, ఆరున్నర ఉన్న గర్భిణికి ఎనిమిది అని రిపోర్టు ఇస్తే ఆమెకి రక్తం ఎక్కించాల్సిన అవసరం ఎవరికీ కనపడదు. ఏడు కంటే తగ్గితేనే కదా తీవ్ర రక్తహీనత అంటాం. ఆ ఆరు నెలల్లో నా సంతకంతో ఎన్ని రిపోర్టులు వెళ్లాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

బ్రాడీపేట_నాలుగో_లైను (ఆదివారం, ఉదయం 10:15)

సిస్టరక్కా, మాస్టారూ, ఇద్దరూ దాచకుండా రాశారు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. సర్టిఫికెట్ ఎన్నాళ్లుంటుంది? ఒకసారి వచ్చాక మళ్లీ ఎవరైనా వచ్చి చూస్తారా లేదా?

నైట్‌డ్యూటీ_సిస్టర్ (ఆదివారం, ఉదయం 10:40)

మూడేళ్లు ఉంటుంది తమ్ముడూ. మధ్యలో మొదటి ఏడాదీ రెండో ఏడాదీ రాష్ట్రం నుంచి టీమ్ వచ్చి చూడాలి, మూడేళ్లయ్యాక మళ్లీ మొదటి నుంచి. సర్టిఫికెట్ ఉన్నన్నాళ్లు సీహెచ్‌సీకి మంచానికి పదివేల చొప్పున ఏటా డబ్బులు కూడా వస్తాయి, ముప్పై మంచాలంటే మూడు లక్షలు. వాటితోనే కుళాయిలు, దోమతెరలు, తలుపు గడియలు, ఇలాంటి చిన్నచిన్నవి బాగుచేయించుకోగలుగుతాం. ఒక గడియ కోసం పై ఆఫీసుకి లెటర్ పెట్టి ఎదురుచూసిన రోజులు నాకు తెలుసు.

ఆటోనగర్_మెకానిక్ (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

నేను ఎప్పుడూ చదవడమే కానీ రాయను. ఈ రోజు రాయాలనిపించింది.

మా అమ్మ ప్రభుత్వాసుపత్రిలో శానిటేషన్ వర్కరు. కాంట్రాక్టు కింద పంతొమ్మిదేళ్లు. కాంట్రాక్టరు ఎన్నిసార్లు మారాడో లెక్కలేదు, జీతం రెండు నెలలకోసారి పడ్డ కాలం కూడా ఉంది, అమ్మ మాత్రం ఉదయం ఆరింటికల్లా డ్యూటీలో ఉండేది. చదువుకోలేదు, సంతకం వరకే.

వాళ్ల ఆసుపత్రికి తనిఖీ వస్తుందని తెలిసినప్పుడు అమ్మ వారం రోజులు సరిగ్గా తిండి తినలేదు. "నన్నేదన్నా అడిగితే నా వల్ల పోతుందేమోరా" అని టెన్షన్. నేను రాత్రిపూట షెడ్డు నుంచి వచ్చి కూర్చోబెట్టి అడిగేవాణ్ణి, ఆమె చెప్పేది. పసుపు సంచిలో రక్తం అంటిన దూది, కట్లు, మాయ. ఎరుపు సంచిలో గ్లౌజులు, సెలైన్ గొట్టాలు, సూది తీసేసిన సిరంజీలు. సూదులూ బ్లేడ్లూ తెల్ల డబ్బాలో, గుచ్చినా చిల్లుపడనిది. గాజు సీసాలు నీలం పెట్టెలో. నలభై ఎనిమిది గంటలు దాటకుండా బండి వచ్చి తీసుకుపోవాలి. రంగులు చూసి చెప్పేది, అక్షరాలతో పనే లేదు.

ఆ రోజు వచ్చినాయన నిజంగానే అమ్మని పిలిచి, "నేల మీద రక్తం పడితే ఏం చేస్తావమ్మా" అన్నారట. అమ్మ అన్నీ చెప్పింది. గ్లౌజులు వేసుకుంటాను, పాత గుడ్డ కప్పుతాను, బ్లీచింగ్ నీళ్లు పోసి కాసేపు ఉంచుతాను, తర్వాత ఎత్తి పసుపు సంచిలో వేస్తాను, వార్డులో పొడి చీపురు ఊడవను, దుమ్ము లేచి పుళ్ల మీద పడుతుంది అని. "వార్డు తుడిచే బ్లీచింగ్ నీళ్లు ఎలా కలుపుతావ్" అన్నారట. లీటరుకి మూడు చెంచాలు, ప్లాస్టిక్ బకెట్‌లోనే, నిన్నటివి ఈ రోజు వాడను అంది. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారట. అమ్మ ఇంటికొచ్చి చెబుతుంటే గొంతు రాలేదు. పంతొమ్మిదేళ్లలో ఆ ఆసుపత్రిలో ఆమెకి ఎవరూ నమస్కారం పెట్టలేదు.

సర్టిఫికెట్ వచ్చిన రోజు స్టేజి మీదకి డాక్టర్లని పిలిచారు, శాలువాలు కప్పారు. అమ్మ కిందే నిలబడి చప్పట్లు కొట్టింది. ఆమెకి ఏ బాధా లేదు. నాకుంది.

ల్యాబ్_మాస్టారు (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

బాబూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు బాలింత జ్వరంతో తల్లులు వరసగా చనిపోతుంటే, డాక్టర్లని క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. చావులు అమాంతం తగ్గిపోయాయి. పెద్ద పెద్ద డాక్టర్లు ఆయన మాట నమ్మలేదు. మీ అమ్మగారు బకెట్‌లో కలిపేది ఆ జాతి మందే. స్టేజి మీద ఆమె ఉండాల్సింది.

కాలవగట్టు (ఆదివారం, మధ్యాహ్నం 2:45)

మెకానిక్ తమ్ముడూ, మా అమ్మకి మీ పోస్టు చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుంది. మా ఆసుపత్రి ఆయమ్మ పేరేంటని నన్ను అడిగింది, నాకు తెలియదు. నాలుగు నెలలైంది, అరిసెలు పంపాం కానీ పేరు అడగలేదు. రేపు అడుగుతాను.

కృష్ణలంక_కరకట్ట (ఆదివారం, సాయంత్రం 5:20)

నాది చిన్న మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా చిన్నాన్న వాళ్లిల్లు మొదటి అంతస్తు దాకా మునిగింది. మా వదినకి నెలలు నిండాయి. పడవలో బయటికి తెచ్చి ఆసుపత్రికి చేర్చేసరికి మాకు ప్రాణాలు అరచేతిలో ఉన్నాయి. అప్పటి నుంచి ఏ ఆసుపత్రికి వెళ్లినా జనరేటరు ఎక్కడ పెట్టారు, మందుల స్టోరు కింది అంతస్తులో ఉందా అని చూస్తుంటాను. సిస్టర్ గారూ, వరద, అగ్నిప్రమాదం లాంటివి ఈ ప్రమాణాల్లో చూస్తారా?

నైట్‌డ్యూటీ_సిస్టర్ (ఆదివారం, సాయంత్రం 6:00)

చూస్తారండీ. మంటలార్పే సిలిండరు ఎలా వాడాలో మాతో చేయించి చూశారు, బయటికి వెళ్లే దారికి అడ్డంగా పాత మంచాలు పెట్టినందుకు మార్కులు కోశారు కూడా. విపత్తు వస్తే ఎవరేం చేయాలో ప్లాన్ ఉండాలి. కృష్ణమ్మ పక్కన ఉన్నవాళ్లం, మన దగ్గర జనరేటరు ఎత్తులో ఉండాలని నేనూ అంటాను.

తెనాలి_అమ్మాయి (ఆదివారం, రాత్రి 8:25)

సారీ అండీ, టాపిక్ మధ్యలో అడుగుతున్నాను, ఇక్కడ సిస్టర్ గారు ఉన్నారని. మా అక్కకి ఎనిమిదో నెల, 33 వారాలు. వారం నుంచి కాళ్లు వాచాయి, ఈ రోజు ముఖం కూడా ఉబ్బినట్టుంది. పొద్దున్నించి తలనొప్పి. సాయంత్రం ఏఎన్‌ఎం గారు ఇంటికి వచ్చి చూస్తే బీపీ 150/100 అంది, ఆసుపత్రికి వెళ్లమంది. అత్తగారు ఉప్పు మానేస్తే తగ్గుతుంది, రేపు సోమవారం వెళ్దాం అంటున్నారు. రేపటిదాకా ఆగొచ్చా?

నైట్‌డ్యూటీ_సిస్టర్ (ఆదివారం, రాత్రి 8:31)

ఆగొద్దు తల్లీ. ఇప్పుడే బయలుదేరండి. 108కి ఫోన్ చెయ్యి, లేకపోతే ఏ బండి దొరికితే ఆ బండి. తలనొప్పితో పాటు చూపు మసకగా ఉందా, పైపొట్టలో నొప్పి ఉందా అడుగు. ఉన్నా లేకపోయినా వెళ్లాల్సిందే. ఉప్పు మానేస్తే తగ్గే బీపీ కాదిది, ఫిట్స్ రావచ్చు. ఎంసీపీ కార్డు (గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల కార్డు), రిపోర్టులు సంచిలో పెట్టుకోండి. అత్తగారికి ఈ మెసేజ్ చూపించు. దారిలో అక్కని ఎడమ పక్కకి పడుకోబెట్టండి.

తెనాలి_అమ్మాయి (ఆదివారం, రాత్రి 8:38)

చూపు మసకగానే ఉంది అంటోంది. బయలుదేరుతున్నాం.

బ్రాడీపేట_నాలుగో_లైను (ఆదివారం, రాత్రి 8:44)

అమ్మాయ్, ఒకవేళ గుంటూరు జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) పంపితే ఇక్కడ చెప్పు. మా ఇంటి నుంచి దగ్గరే. రక్తం కావాలన్నా, భోజనం కావాలన్నా, ఊరికే తోడు మనిషి కావాలన్నా నేను వస్తాను. నాది ఓ పాజిటివ్.

తెనాలి_అమ్మాయి (సోమవారం, సాయంత్రం 4:50)

అందరికీ దణ్ణాలు. ఇప్పుడే కాస్త కూర్చున్నాను. మాకు దగ్గర్లో ఉన్న సీహెచ్‌సీకి ముందు వెళ్లాం. అక్కడ చూసేసరికి 170/110 అయింది. ఆదివారం రాత్రి, డాక్టరు గారు మాత్రం ఉన్నారు. బీపీకి మందిచ్చి, మెగ్నీషియం సల్ఫేట్ అని రెండు పిరుదులకీ ఇంజెక్షన్లు వేశారు, ఫిట్స్ రాకుండా మొదటి డోసు అన్నారు. యూరిన్ టెస్టు అక్కడికక్కడే చేశారు. ఇక్కడ ఇంత చిన్న బిడ్డని చూసుకునే వసతి లేదు, గుంటూరు వెళ్లాలి అని 108 పిలిచి, జీజీహెచ్‌కి ముందే ఫోన్ చేసి చెప్పారు. ఒక కాగితం మీద ఏ మందు, ఎంత, ఏ టైముకి ఇచ్చారో అన్నీ రాసిచ్చారు. గుంటూరులో డ్యూటీ డాక్టరమ్మ ఆ కాగితం చూసి మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా నేరుగా లోపలికి తీసుకుపోయింది. పొద్దున ఆపరేషన్ చేశారు. బాబు. కేజీ ఎనిమిదొందలు. పసిపిల్లల ఐసీయూలో పెట్టారు, ఊపిరి బాగానే తీసుకుంటున్నాడు. అక్క మాట్లాడుతోంది.

బ్రాడీపేట అన్న రాత్రి రెండింటికి ఫ్లాస్కులో పాలు, రొట్టెలు తెచ్చారు. వాళ్ల నాన్నగారు కూడా కర్ర పట్టుకుని వెంట వచ్చారు. అక్క వాళ్ల అత్తగారు ఆయన పక్కన కూర్చుని ఏడ్చింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్ (సోమవారం, సాయంత్రం 5:15)

అమ్మయ్య. పొద్దున్నించి ఫోను చూస్తూనే ఉన్నాను తల్లీ. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకో, మొదటి డోసు టైము రాయకపోతే పై ఆసుపత్రిలో రెండోది ఎప్పుడివ్వాలో తెలియక తికమక పడతారు, నేను చూశాను. బాబుని బయటికి ఇచ్చాక అక్క గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోమంటారు, కంగారూ పద్ధతి అంటారు. సిగ్గుపడొద్దని చెప్పు, ఎంతసేపు పెట్టుకుంటే అంత మంచిది. అత్తగారు కూడా పెట్టుకోవచ్చు.

పటమట_లక్ష్మి (సోమవారం, రాత్రి 7:30)

బాబు చల్లగా ఉండాలి. మావారు ఈ పోస్టులన్నీ చదివారు. రేపు మా అమ్మాయిని తీసుకుని రెండు చోట్లా వెళ్లి లేబర్ రూమ్ చూసి, మాస్టారు చెప్పినట్టు ల్యాబ్‌లో కూడా అడిగి, అప్పుడు ఏది అనేది తేల్చుకుందాం అన్నారు.

కాలవగట్టు (సోమవారం, రాత్రి 9:40)

బ్రాడీపేట తమ్ముడు ఆదివారం రాత్రి పదకొండింటి సంగతి అడిగాడు కదా, అది మనసులో పెట్టుకుని నిన్న రాత్రి నేను మా ఆసుపత్రికి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. పదకొండుంబావుకి లోపల ఉన్నాను. డ్యూటీలో సిస్టర్ ఉంది, డాక్టరు గారు క్వార్టర్స్‌లో ఉన్నారు, పిలిస్తే వస్తారన్నారు. చేతులు కడిగే చోట సబ్బు ఉంది. చెత్త సంచులు మెకానిక్ తమ్ముడు చెప్పిన రంగుల ప్రకారమే ఉన్నాయి. మంచానికి ఒకరే బాలింత.

బాగోలేనివి కూడా చెప్పాలి. ఆడవాళ్ల వార్డు బాత్రూములో లైటు వెలగట్లేదు. ఐదు రోజులైందట. బాలింతలు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వెళ్తున్నారు. తాగే నీళ్ల మెషిన్ మీద మూత లేదు. ఫిర్యాదుల రిజిస్టరు అడిగితే సిస్టర్ ఇచ్చింది, మొహం మాడ్చలేదు. రెండూ రాసి సంతకం పెట్టి, ఫోన్ నంబరు ఇచ్చాను. అంతకుముందు పేజీ తిప్పితే చివరి ఫిర్యాదు రెండు నెలల కిందటిది. మనం ఎవరం రాయట్లేదు.

ఆయమ్మ పేరు అడిగాను. ఆమె అనుమతి లేకుండా ఇక్కడ పెట్టను, మా అమ్మకి చెప్పాను.

బ్రాడీపేట_నాలుగో_లైను (సోమవారం, రాత్రి 10:05)

అన్నా, మీరు వెళ్తారనుకోలేదు. ఆ లైటు ఎప్పుడు వెలిగిందో తప్పకుండా రాయండి. ఆరు నెలల తర్వాత ఇంకో ఆదివారం రాత్రి మనిద్దరం కలిసి వెళ్దాం. నేను గుంటూరు నుంచి బండి మీద వస్తాను.

ఆటోనగర్_మెకానిక్ (సోమవారం, రాత్రి 10:20)

నన్ను కూడా పిలవండి. అమ్మని తీసుకొస్తాను, మనకి కనపడనివి ఆమెకి కనపడతాయి.

కాలవగట్టు (గురువారం, రాత్రి 8:10)

మా ఆవిడ పాపకి టీకా వేయించడానికి ఇవాళ ఆసుపత్రికి వెళ్లింది. ఇందాక వచ్చి చెప్పింది, నీళ్ల మెషిన్‌కి మూత ఇంకా పెట్టలేదట. బాత్రూము లైటు వెలుగుతోందట.